పిల్లలకు నీటి గండం తప్పాలంటే: మూత, కాపలా, ఈత, జాకెట్‌లలో ముందు దేన్ని ఎంచుకోవాలి?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే పిల్లలున్న ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా మొదలవుతుంది. జాతకంలో నీటి గండం ఉందన్నారు కాబట్టి పిల్లవాణ్ని నీళ్ల దరిదాపులకే పంపవద్దని నానమ్మ పట్టుబడుతుంది. ఈత ఒక్కటి వచ్చేస్తే ఇక భయమే ఉండదని మేనమామ వాదిస్తాడు. ఇద్దరి మాటలోనూ ఉన్నది ప్రేమే. అయితే ఏడాదిన్నర పాపకు ప్రమాదం స్నానాల గదిలోని బకెట్‌లో ఉంటే, పన్నెండేళ్ల పిల్లవాడికి ఊరి బయట వాన నీరు నిండిన క్వారీ గుంతలో ఉంటుంది. మొదటిదానికి పనికొచ్చే రక్షణ రెండోదానికి పనికిరాదు. కాబట్టి ఏది మంచిదని విడిగా అడిగే బదులు, ఈ వయసు పిల్లకు, ఈ నీటి దగ్గర ఏది మంచిదని అడగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలు. ఆ సంస్థ సూచించే ఉపాయాల్లో ఇంటికి, ఊరికి సంబంధించినవి నాలుగున్నాయి: నీటికీ పిల్లకూ మధ్య అడ్డు కట్టడం, బడికి వెళ్లని వయసు పిల్లలను పగటిపూట భద్రమైన చోట ఉంచడం, బడి వయసు పిల్లలకు ఈత నేర్పడం, చుట్టుపక్కల వారికి రక్షించే పద్ధతులూ ఊపిరి పోసే పద్ధతులూ నేర్పడం. డబ్బు, తీరిక ఉన్నవారు నాలుగూ చేసుకోవచ్చు. అన్నిటికీ ఒకేసారి వీలులేని మనలాంటి కుటుంబాలు మాత్రం ఒక ప్రశ్నతో వాటిని తూచి చూసుకోవాలి: మనం మరిచిపోయిన పది నిమిషాల్లో కూడా ఇది పనిచేస్తుందా? తాళం వేసిన మూత పనిచేస్తుంది. కాపలా పనిచేయదు, ఎందుకంటే మరిచిపోయేది ఆ కాపలానే. ఈత కొంతవరకు పనిచేస్తుంది, అదీ పిల్లవాడికి వయసు వచ్చాక, నీరు సహకరించినప్పుడు.

నాలుగేళ్ల లోపు పిల్లలు: ఇంట్లో ఉన్న నీరు

మా చిన్నమ్మాయికి పద్నాలుగు నెలలప్పుడు, పెరట్లో బట్టలు నానబెట్టిన ఇరవై లీటర్ల బకెట్ అంచు పట్టుకుని నిలబడింది. లోపల తేలుతున్న సబ్బు పెట్టె మీద దాని కన్ను పడింది. వంగింది, బకెట్ అంచు పొట్టకు ఆనింది, ఇంకొంచెం వంగేసరికి రెండు మడమలూ నేల మీద నుంచి లేచాయి. నేను మూడడుగుల దూరంలో దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. కేక లేదు, చప్పుడు లేదు; యథాలాపంగా వెనక్కి తిరిగి చూడటం వల్లనే పట్టుకోగలిగాను. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కాబట్టి, తలకిందులైతే పిల్ల తనంతట తాను లేవలేదు. నిండు బకెట్ బరువుకు పక్కకు కూడా ఒరగదు. ముక్కూ నోరూ మునగడానికి రెండు అంగుళాల నీరు చాలు.

అందువల్ల ఈ వయసు పిల్లలున్న ఇంట్లో మొదటి ఎంపికకు పైసా ఖర్చు లేదు: వాడిన వెంటనే బకెట్లు, టబ్బులు, తొట్లు వంచేసి బోర్లించడం. నీటి ఎద్దడి వల్ల నిల్వ పెట్టుకోక తప్పని ఇళ్లలో బిర్రుగా బిగించే మూత ఉన్న డ్రమ్ము, మూత లేని నాలుగు బకెట్ల కంటే ఎంతో మేలు. స్నానాల గది తలుపుకు బయటి వైపు, పెద్దల భుజం ఎత్తులో ఒక గొళ్లెం బిగిస్తే ఆ గదిలోని నీరంతా ఒకేసారి పిల్లకు అందకుండా పోతుంది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద రక్షణ మరొకటి లేదు.

ఇక సంపు సంగతి. హైదరాబాద్‌లోనూ చాలా పట్టణాల్లోనూ ఇంటి గేటు పక్కనే, పిల్లలు ఆడుకునే చోటనే నేలలో సంపు ఉంటుంది. దాని మూత ఎంపికలో మనం చూపే శ్రద్ధ గేటు రంగు మీద చూపే శ్రద్ధలో సగం కూడా ఉండదు. పలుచటి రేకు మూత చవక, తీయడం తేలిక. పిల్లలు కూడా అంతే తేలికగా జరపగలరు, నాలుగు వానాకాలాలు గడిచేసరికి అంచులు తుప్పుపట్టి కాలు పెడితే దిగబడుతుంది. సిమెంటు పలక పిల్లలకు కదలదు, కానీ అంత బరువును పూర్తిగా మూసే ఓపిక పెద్దలకు కూడా లేక, పంపు ఫుట్‌వాల్వ్ చూసుకున్నాక సగం తెరిచే వదిలేస్తారు. తలుపుకు వేసినట్టు కబ్జాలు వేసి, తాళం పడేలా చేయించిన మందమైన ఇనుప మూత ఈ రెండింటి కంటే మేలు.

అయినా దానిలో ఒక లోపం మిగిలి ఉంటుంది. ట్యాంకర్ వచ్చినప్పుడు తాళం తీసి, మూత ఎత్తి, గొట్టం లోపలికి దింపుతారు. నీరు నిండేదాకా పావుగంట మూత తెరిచే ఉంటుంది. డ్రైవర్ లారీ దగ్గర ఉంటాడు, మనం డబ్బు తేవడానికి లోపలికి వెళతాం, గొట్టం నుంచి నీరు దూకుతున్న చప్పుడు విని పిల్లలు అక్కడికే చేరతారు. దీనికి విరుగుడు మూత కింద మరో జాలీ. సంపు నోటికి సరిపడే ఇనుప చట్రంలో, పిల్లవాడి తల దూరకుండా నాలుగు అంగుళాల లోపు సందుతో కడ్డీలు వెల్డింగ్ చేయించి, గొట్టం దిగడానికి ఒక మూల మాత్రం సరిపడా ఖాళీ వదిలి, సంపు కడిగేటప్పుడు తీయగలిగేలా ఆ చట్రానికి విడిగా తాళం పెట్టించాలి. అప్పుడు పైమూత తెరిచి ఉన్నా పిల్ల లోపలికి పడదు. ఒకటే చేయించగలిగితే జాలీయే చేయించండి, పైమూత పాతదే ఉండనివ్వండి. అద్దె ఇంట్లో ఉన్నవారు అడ్వాన్సు ఇచ్చే ముందే ఇంటి యజమానితో ఈ మాట తేల్చుకోవాలి. దిగిన తర్వాత అడిగితే నెలలు గడుస్తాయి. కట్టుబడి జరుగుతున్న అపార్ట్‌మెంట్లలో లిఫ్టు కోసం తవ్విన గుంత, సెల్లార్‌లో ఊరిన నీరు కూడా సంపు కిందే లెక్క. అక్కడ పనిచేసే కూలీల పిల్లలు రోజంతా ఆ గుంతల పక్కనే ఉంటారు కాబట్టి, చుట్టూ అడ్డు కట్టించే బాధ్యత కట్టించేవారిదే.

పల్లెల్లో నేలబారుగా ఉన్న పాత బావులకు పిట్టగోడ కట్టించడమా, ఇనుప వల పరచడమా అనే మాట వస్తుంది. వాడుకలో ఉన్న బావికి పెద్దల నడుము ఎత్తున గోడ, పైన వల రెండూ అవసరం, ఎందుకంటే గోడ ఒక్కటే ఉంటే అయిదారేళ్ల పిల్లలు దాని మీదికి ఎక్కి తొంగిచూస్తారు. వాడని బావిని పూడ్చడమే సరైనది. కంపతో కప్పి ఉంచితే బావి ఉందన్న సంగతే కనపడకుండా పోయి ఇంకా ప్రమాదం.

కాపలాకు ఎవరిని పెట్టాలి?

అడ్డు కట్టడానికి వీల్లేని చోటు చాలా ఉంది. కోనసీమలో ఇంటి ముందే కాలువ, భీమవరం చుట్టుపక్కల ఇంటి వెనకే చేపల చెరువు ఉంటుంది. మొత్తం చెరువుకు కంచె వేయించడం ఏ ఒక్క కుటుంబానికీ సాధ్యం కాదు. అక్కడ నీటిని ఆపలేం కాబట్టి పిల్లను ఆపాలి. గుమ్మానికి అడ్డంగా సగం తలుపు బిగించడం, ఇంటి వాకిలికి మాత్రం వెదురు దడి కట్టి చిన్న గేటు పెట్టడం తక్కువ ఖర్చులో అయ్యే పనులు.

కాపలాగా ఎనిమిదేళ్ల అక్కను పెట్టడం మన ఊళ్లలో మామూలు. దాన్ని కాపలాగా లెక్కించకూడదు. తమ్ముడు నీటిలో పడితే ఆ అక్క కేకలు వేయదు, తానూ దూకుతుంది. అమ్మమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో కూడా వారి మోకాళ్ల నొప్పులు లెక్కలోకి తీసుకోవాలి. పరుగెత్తే రెండేళ్ల పిల్ల వెంట వారు పరుగెత్తలేరు. పెళ్లిళ్లు, పండగలు, నదీ స్నానాల వేళ ఇరవై మంది పెద్దలున్నా ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అటువంటప్పుడు వంతులు వేసుకుని, ఈ అరగంట నీదని పేరు పెట్టి ఒకరికి అప్పగించడమే మేలు. ఆ అరగంట ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, నీటిలో ఉన్న చిన్నపిల్ల చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి.

పనికి వెళ్లే తల్లులకు అసలైన ప్రత్యామ్నాయం పగటిపూట పిల్లల సంరక్షణ కేంద్రం. బంగ్లాదేశ్‌లో ఇంటి చుట్టూ చెరువులే ఉన్న పల్లెల్లో, తల్లులు ఇంటి పనుల్లో తలమునకలుగా ఉండే ఉదయం వేళ ఒకటి నుంచి అయిదేళ్ల పిల్లలను ఒకచోట చేర్చి చూసుకునే కేంద్రాలు నడిపారు. ఆ పిల్లల్లో నీటి మరణాలు బాగా తగ్గాయి. మన అంగన్‌వాడీలకు ఎక్కువగా మూడేళ్లు దాటిన పిల్లలు వెళతారు, కానీ ప్రమాదం ఎక్కువగా ఉన్నది అంతకు ముందు ఏడాది, రెండేళ్ల వయసులోనే. చెరువుల పక్కన ఉన్న ఊళ్లలో అంగన్‌వాడీకి అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రం కావాలని గ్రామసభలో గట్టిగా అడగడం విలువైన పని.

ఆరేళ్లు దాటాక ఈత: బావిలోనా, కొలనులోనా?

నేను బావిలోనే నేర్చుకున్నాను. నడుముకు జీలుగు బెండ్లు కట్టి, వాటికి కట్టిన తాడు కొస చేతిలో పట్టుకుని మా చిన్నాన్న మెట్ల మీద కూర్చునేవాడు. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క బెండే తీసేసేవాడు. ఆ పద్ధతిలో ఒక గొప్ప గుణం ఉంది, ఒక బిడ్డ మీద ఒక పెద్ద మనిషి దృష్టి పూర్తిగా ఉంటుంది. లోపం కూడా అంతే పెద్దది. కాలు ఆనే చోటే ఉండదు, నేర్పే మనిషికి ఏదైనా అయితే రెండో పెద్ద ఉండడు. ఈ రోజుల్లో బెండ్ల స్థానంలో కట్టే ఖాళీ నూనె డబ్బాలు మూత ఊడినా, తాడు జారినా ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. మెట్లున్న బావి, ఈత బాగా వచ్చిన ఇద్దరు పెద్దలు, నడుముకు తాడు – ఈ మూడూ ఉంటే బావి పనికొస్తుంది. తోటి పిల్లలే నేర్పుతామంటే ఎంతమాత్రం ఒప్పుకోకూడదు.

కొలనులో తక్కువ లోతు ఉంటుంది, నీటి అడుగు కనిపిస్తుంది, గట్టు చేతికి అందుతుంది. కాబట్టి అందుబాటులో ఉంటే కొలనునే ఎంచుకోవాలి. అయితే కొలనుల్లో మంచివి, చెడ్డవి ఉన్నాయి. ఫీజు అడిగే ముందు ఒక సాయంత్రం వెళ్లి గట్టు మీద కూర్చుని చూడండి. ఒక కోచ్ కింద ఎంతమంది పిల్లలున్నారు? అయిదారుగురు కొత్త పిల్లలకు ఒకరుంటే నమ్మవచ్చు, ఇరవై మందికి ఒకరుంటే నమ్మకూడదు. కోచ్ నీటిలో దిగి నేర్పుతున్నాడా, గట్టు మీద విజిల్ ఊదుతున్నాడా? తక్కువ లోతు ఎక్కడ ముగుస్తుందో తాడు కట్టి చూపారా? అన్నిటికంటే ముఖ్యం, ఏం నేర్పుతున్నారు? పోటీల ఈతకు ముందు పిల్లకు రావలసింది వెల్లకిలా తేలడం, అనుకోకుండా పడిపోతే వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం, రోజూ వేసుకునే బట్టలతో నీటిలో పడితే కంగారు పడకపోవడం. బంగ్లాదేశ్‌లో పల్లె పిల్లలకు నేర్పిన ప్రాణరక్షణ ఈతలో కొలత సులువుగానే ఉంటుంది: 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు నీటిపై తేలి ఉండాలి. ఈ రెండూ వచ్చేదాకా పది రోజుల సమ్మర్ క్యాంపు సర్టిఫికెట్‌ను చూసి ఈత వచ్చిందనుకోవద్దు.

ఆడపిల్లలకు పదేళ్లు దాటగానే ఈత మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బట్టలు ఉతకడానికి, నీళ్లు తేవడానికి రేవుకు వెళ్లేది ఎక్కువగా వారే. ఆడవారికి విడిగా సమయం కేటాయించే కొలనులు ఉన్నాయి, తల్లీకూతుళ్లు కలిసి వెళ్లవచ్చు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల విషయం వేరు. వారు వైద్యుణ్ని అడిగాకే ఈతకు వెళ్లాలి, స్నానానికి కూడా తొట్టి కంటే చెంబు, షవర్ మేలు.

ఈత వచ్చినా దిగకూడని నీరు

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, సాగర్ కాలువల వంటి వాటిలో సిమెంటు లైనింగ్ ఉన్న చోట ఒడ్డు ఏటవాలుగా ఉండి, నీటి మట్టం దగ్గర పాచి పట్టి ఉంటుంది. పడినవారు ఒడ్డుకు చేరగలరు గానీ ఎక్కలేరు. చేయి వేసిన ప్రతిసారీ జారుతుంది, ప్రవాహం ఈడ్చుకుపోతూనే ఉంటుంది. మొరం కోసమో, ఇటుకల కోసమో తవ్విన చెరువులో మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది, నీటి పైనుంచి ఆ తేడా తెలియదు. గ్రానైట్ క్వారీ గుంతకు ఒడ్డే ఉండదు, నిట్టనిలువు రాయి తప్ప. పొలాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి కుంట చూడటానికి కొలనులా ఉంటుంది, తడిసిన పట్టా మీద పెద్దవారి కాలు కూడా నిలవదు. కుంట ఉన్న రైతులు ముళ్లకంచె వేయడంతో పాటు, నాలుగు వైపులా గట్టు మీద గుంజలు పాతి, ముడులు వేసిన లావు తాళ్లను నీటిలోకి వేలాడదీయాలి. కంచె దాటి వచ్చినవారికి పైకి ఎక్కే దారి అదొక్కటే.

డ్యాముల దిగువన ఉన్న నది మరో రకం. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోల కోసం దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నీరు మడమల లోతు ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం నీరు పెరిగాక పనికిరాదు. కాబట్టి ఈ నాలుగైదు రకాల నీటి విషయంలో పిల్లలతో బేరం పెట్టుకోవద్దు, నాన్న తోడున్నా సరే దిగకూడదని చెప్పాలి. ఒట్టి కట్టడి మాత్రం నిలవదు. ఎండలో ఊరి పిల్లలకు ఈదడానికి మరో చోటు లేకపోతే క్వారీకే వెళతారు. పెద్దలు కాపలా ఉండే ఒక రేవునో, మెట్ల బావినో సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచిన ఊరు, వంద హెచ్చరిక బోర్డులు పెట్టిన ఊరి కంటే తన పిల్లలను బాగా కాపాడుకుంటుందని నా నమ్మకం.

తేలే వస్తువులు

చేతులకు గాలి ఊది తొడిగే ప్లాస్టిక్ తొడుగులు, బాతు బొమ్మల ట్యూబులు ఆట వస్తువులు, రక్షణ వస్తువులు కావు. గాలి దిగిపోతుంది, పిల్ల తలకిందులైతే ట్యూబు ఆమె కాళ్లను పైన, తలను కింద పట్టి ఉంచుతుంది. లైఫ్ జాకెట్ కొనేటప్పుడు లోపల కుట్టిన చీటీ చదవాలి. న్యూటన్లంటే జాకెట్ ఎంత బలంగా తేల్చగలదో చెప్పే కొలత; 50 న్యూటన్లని ఉంటే అది ఈత వచ్చినవారికి సాయం మాత్రమే. ఈత రాని పిల్లకు కనీసం 100 న్యూటన్లది, మెడ వెనక కాలర్ ఉన్నది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కావాలి. చీటీ మీది బరువు పిల్ల బరువుకు సరిపోవాలి, పెరుగుతుంది కదా అని పెద్ద సైజు కొంటే నీటిలో పిల్ల కిందికి జారిపోయి జాకెట్ పైకి తేలుతుంది. తొడిగి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి; గడ్డం, చెవుల మీదికి వచ్చేస్తే అది సరైన కొలత కాదు. పాపికొండల దారిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన సంగతి గుర్తున్నవారు ఎవరైనా, పిల్లకు తగ్గ జాకెట్ తొడిగాకే పడవ ఎక్కాలి. పిల్లల సైజు లేదంటే ఆ పడవ ఎక్కవద్దు.

అమెరికా, ఆస్ట్రేలియాలలో పెరట్లో కొలను ఉన్న ఇల్లు తీసుకునే తెలుగు కుటుంబాలు ఆవరణ చుట్టూ ఉన్న కంచెను చూసి తృప్తి పడకూడదు. ఆ కంచె లోపలే ఇంటి తలుపు కూడా ఉంటే పిల్లకు అడ్డేమీ లేనట్టే. కొలనుకు మాత్రమే నాలుగు వైపులా, కనీసం 1.2 మీటర్ల ఎత్తున, తనంతట తానే మూసుకుని గడియ పడే గేటుతో కంచె ఉండాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ గడియ ఎలా పనిచేస్తుందో మొదటి రోజే చూపించాలి.

దూకడమా, విసరడమా?

వేసవిలో ఒకే చెరువులో ఇద్దరు, ముగ్గురు అన్నదమ్ములు పోయారన్న వార్తల వెనక చాలాసార్లు ఒకటే కథ ఉంటుంది: ఒకడు జారాడు, మిగిలినవారు కాపాడబోయారు. మునుగుతున్నవాడు అందినదాన్ని కిందికి లాగుతాడు. పిల్లలకు నేర్పవలసింది మూడు పనులు – గట్టిగా అరిచి పెద్దలను పిలవడం, గట్టు మీద పడుకుని కర్రో చున్నీయో అందించడం, అందకపోతే తాడు కట్టిన ఖాళీ క్యాను విసరడం. అయిదు లీటర్ల నూనె క్యానులో రెండు గ్లాసుల నీరు పోసి మూత బిగిస్తే గాలికి పోకుండా విసిరిన చోట పడుతుంది, తేలుతుంది కూడా. చెరువు గట్టు మీద, కుంట పక్కన అలాంటిదొకటి కట్టి ఉంచడానికి డబ్బు అక్కర్లేదు.

బయటికి తీసిన పిల్లను కాళ్లు పట్టుకుని గిరగిర తిప్పడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం, ఉప్పు కుప్పలో కప్పడం ఇప్పటికీ జరుగుతున్నాయి. వీటిలో ఏదీ చేయకూడదు, చేయవలసింది సీపీఆర్ (నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కే పద్ధతి) ఒక్కటే. పొట్ట నొక్కితే కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మిగతావాటితో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి, నోటిలోకి ముందుగా రెండు నుంచి అయిదు సార్లు ఛాతీ పొంగేలా ఊపిరి ఊదాలి. నీట మునిగినప్పుడు మొదట అందనిది ఊపిరే కాబట్టి ఊదడం వదిలేయకూడదు. తర్వాత ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ సాగించాలి. పక్కన మరొకరుంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచి, పని ఆపకుండా సాగించాలి. పిల్ల దగ్గి, ఏడ్చి, తేరుకుని అమ్మ మెడ పట్టుకున్నా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లి, కొన్ని గంటలు వైద్యుల కళ్ల ముందు ఉంచాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో చేరిన నీటి వల్ల ఆయాసం ఆ తర్వాత కూడా మొదలు కావచ్చు.